మానని పుండుకు ఆక్సిజన్ వైద్యం

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. సినిమా సెట్లలో వడ్రంగి పని చేస్తారు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల కిందట అరికాల్లో మేకు గుచ్చుకుంది. స్పర్శ తెలియక రెండు రోజుల దాకా చూసుకోలేదు. అది పుండై ఇప్పటికీ మానలేదు. ఎముకకూ ఇన్ఫెక్షన్ సోకిందనీ, పాదం తీసేయాల్సి రావచ్చనీ అంటున్నారు. ఆక్సిజన్ గదిలో ఉంచి పుండ్లు మాన్పుతారట, నిజమేనా?
- ఓ పాఠకురాలు, ఫిలింనగర్, హైదరాబాద్

జవాబు: నిజమేనమ్మా. దీన్ని ‘హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ’ అంటారు. అయితే అసలు వైద్యానికి ఇది తోడు మాత్రమే.

మామూలుగా ఆక్సిజన్‌ను రక్తంలోని హిమోగ్లోబిన్ మోసుకెళ్తుంది. షుగర్‌తో రక్తనాళాలు దెబ్బతింటే పుండు దగ్గరికి అది చాలినంత చేరదు. మూసి ఉన్న ఛాంబర్‌లో గాలి ఒత్తిడిని రెండు నుంచి రెండున్నర రెట్లు పెంచి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. గోళీసోడాలో గ్యాస్ కరిగినట్టు, ఆక్సిజన్ నేరుగా రక్తద్రవంలో కరుగుతుంది. మామూలప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇలా కరిగేది 0.3 మిల్లీలీటర్లే. ఛాంబర్‌లో అది సుమారు 5 మిల్లీలీటర్లకు చేరుతుంది. దీంతో తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములతో గట్టిగా పోరాడతాయి. కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. ఒక్కో విడత గంటన్నర. వారానికి ఐదు రోజుల చొప్పున 30 నుంచి 40 విడతలు పట్టొచ్చు.

కాలు తప్పక దక్కుతుందా అంటే హామీ ఇవ్వలేం. కొన్ని అధ్యయనాల్లో కాలు తీసేయాల్సిన అవసరం తగ్గింది. 2018లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. అందుకే నెల రోజులు సరైన వైద్యం చేసినా మానని లోతైన పుండ్లకే దీన్ని ఆలోచిస్తారు.

ముందుగా డాప్లర్ పరీక్షతో కాలికి రక్తం ఎలా అందుతోందో చూడాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే యాంజియోప్లాస్టీతోనో, బైపాస్‌తోనో తెరవాలి. కుళ్లిన కండ తీసేయాలి, యాంటీబయాటిక్స్ వాడాలి, షుగర్‌ను అదుపులో పెట్టాలి. పుండు మీద బరువు పడకూడదు. ఇవేవీ చేయకుండా ఛాంబర్‌లో కూర్చోబెడితే డబ్బు దండగ.

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన వారికి ఈ వైద్యం చేయకూడదు. చెవి నొప్పి, కొన్నాళ్లు చూపు మసకబారడం, అరుదుగా ఫిట్స్ రావచ్చు. లోపల షుగర్ పడిపోవచ్చు కాబట్టి ఏమీ తినకుండా వెళ్లొద్దు. నిప్పు ప్రమాదం ఉన్నందున తలనూనె, సెంటు, సెల్‌ఫోన్, లైటర్ నిషిద్ధం. నూలు బట్టలే వేసుకోవాలి.

1986లో మైకేల్ జాక్సన్ ఇలాంటి ఛాంబర్‌లో పడుకున్న ఫొటో లోకమంతా తిరిగింది. అందానికీ, వయసు తగ్గడానికీ అంటూ సాగే ప్రచారాన్ని నమ్మకండి.

జ్వరం వచ్చినా, పాదం నల్లబడినా, దుర్వాసన, వాపు పెరిగినా మర్నాటిదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాదం తీసేయాలన్న నిర్ణయానికి ముందు, రక్తనాళాల సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోండి.