కాలిక్యులేటర్ పాడవలేదు, మెనూ మనకెవరూ చూపించలేదు

చింతపల్లి హాస్టల్ నుంచి రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మొన్న ఫిజిక్స్ ప్రాక్టికల్‌లో మాలో ఒకడు పట్టకం వక్రీభవన గుణకం కట్టాడు. పట్టక కోణం 60 డిగ్రీలు, కనిష్ఠ విచలన కోణం 39. రీడింగులు సరిగ్గానే తీశాడు, సూత్రమూ కరెక్టే. రావాల్సింది 1.52, వచ్చింది 0.70. గాజుకి ఒకటి కంటే తక్కువ రాదని వాడికి తెలుసు. అయినా మిషన్‌ని అనుమానించలేదు, తనని తానే అనుమానించుకున్నాడు. మళ్లీ మళ్లీ కొట్టేసరికి టైమ్ అయిపోయింది. రాత్రి రూమ్‌లో చూస్తే ఏముంది? అడిగి తెచ్చుకున్న కాలిక్యులేటర్. స్క్రీన్ పైన చిన్నగా 'డి' ఉండాల్సిన చోట 'ఆర్' ఉంది. డిగ్రీల బదులు రేడియన్లలో లెక్క కట్టింది.

మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మెనూ గురించి చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరుంటారు? క్లాసులో అడుగుదామంటే 'ఇది కూడా రాదా' అంటారని సిగ్గు. యూట్యూబ్‌లో ఉంది కదా అంటారు కొందరు. నిజమే, సిగ్నల్ దొరికితే చూడొచ్చు. కానీ వెతకాలంటే ముందు దాని పేరు తెలియాలి కదా! రేడియన్ మోడ్ అనేది ఒకటి లోపల ఉందనే తెలియనివాడు ఏమని వెతుకుతాడు?

అందుకే మాకు తెలిసింది ఇక్కడ పెడుతున్నాం. మా దగ్గరున్నది క్యాసియో ఎఫ్‌ఎక్స్-991 ఈఎస్ ప్లస్. వేరే మోడల్‌లో నంబర్లు మారొచ్చు.

షిఫ్ట్, మోడ్ నొక్కితే సెటప్ వస్తుంది. అందులో 3 డిగ్రీలు, 4 రేడియన్లు. కింది బాణం నొక్కితే రెండో పేజీ ఉంటుంది. అది ఉందని మాకు ఏడాది దాకా తెలీదు.

మోడ్, 7 నొక్కితే టేబుల్. ప్రమేయం ఇచ్చి మొదలు, చివర, ఎంతెంత తేడాతో కావాలో చెబితే విలువలన్నీ వరసగా ఇస్తుంది. గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు పెట్టుకోవడమే.

వేరేవాళ్లది తెచ్చుకుంటే ముందు సైన్ 30 కొట్టండి. 0.5 వస్తే సరే. మైనస్ 0.988 వస్తే అది రేడియన్‌లో ఉన్నట్టు.

ఇది చిన్న విషయం కాదు. రేపు గేట్ రాస్తే మన కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. కంప్యూటర్ స్క్రీన్ మీదే ఒకటి ఇస్తారు, దాంట్లోనూ డిగ్రీ, రేడియన్ మనమే ఎంచుకోవాలి.

మా మాట ఒక్కటే. మన ఊళ్లో దారి తెలియని చుట్టం వస్తే, బాట చీలే చోటు దాకా వెళ్లి చూపించి వస్తాం. హాస్టల్లో కూడా అంతే చేద్దాం. కొత్తవాళ్లు చేరిన మొదటి ఆదివారం సీనియర్ అన్నలు, అక్కలు ఒక గంట కూర్చోబెట్టి మెనూ మొత్తం నొక్కించండి. లెక్చరర్లు కూడా మొదటి సెమిస్టర్‌లో ఒక పీరియడ్ దీనికి ఇవ్వాలని అందరం కలిసి అడుగుదాం.

మార్కులు పోయిన మావాడు ఇప్పుడు జూనియర్లకి నేర్పుతున్నాడు. మీ హాస్టల్లో ఎవరు మొదలుపెడతారో కింద రాయండి.