ఐదు వాట్ల రేడియోకి కావాల్సింది ఖరీదైన యాంటెన్నా కాదు, పొడవైన తీగ

ఫోన్లు, ఇయర్‌బడ్స్, డ్రోన్లు కొనీ కొనీ మనకు ఒక లెక్క అలవాటైపోయింది. చిన్నగా, తేలిగ్గా ఉంటే కొత్త టెక్నాలజీ. పెద్దగా ఉంటే పాత సామాను. చాలా గ్యాడ్జెట్ల విషయంలో ఈ లెక్క తప్పదు కూడా. కానీ హ్యామ్ రేడియోలోకి కొత్తగా వస్తున్న వాళ్లు ఇదే లెక్కతో యాంటెన్నా కొంటున్నారు. సరిగ్గా అక్కడే దెబ్బ తింటున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. తక్కువ పవర్‌తో, అంటే హ్యామ్‌లు క్యూఆర్‌పీ అని పిలుచుకునే పద్ధతిలో, బయటికి వెళ్లి మాట్లాడాలనుకునే వాళ్లు మొదటి యాంటెన్నాగా బ్యాగులో పట్టే బుల్లి విప్ గానీ, మెరిసే లూప్ గానీ కొనొద్దు. కరెంటు సామాన్ల షాపులో దొరికే 20 మీటర్ల వైరు వాటి కంటే బాగా పనిచేస్తుంది. బాగా అంటే కాస్తో కూస్తో కాదు, చాలా తేడాతో.

ఐదు వాట్లు తక్కువేం కాదు

క్యూఆర్‌పీ అంటే మోర్స్ కోడ్‌లో 5 వాట్లు, వాయిస్‌లో 10 వాట్లు మించకుండా మాట్లాడటం. ఐకామ్ ఐసీ-705 కూడా సొంత బ్యాటరీ మీద 5 వాట్లే ఇస్తుంది, బయటి నుంచి 13.8 వోల్టులు ఇస్తే 10 వాట్లు. మన హైదరాబాద్‌లోనే అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ కుటుంబం రేడియోలు కూడా ఈ కోవలోవే. వాటిని ప్రపంచమంతా హ్యామ్‌లు సోల్డర్ చేసుకుని వాడుతున్నారు.

100 వాట్ల రేడియోతో పోలిస్తే 5 వాట్లు ఇరవయ్యో వంతు. వినడానికి భయం వేస్తుంది. కానీ డెసిబెల్స్‌లో చూస్తే తేడా 13 మాత్రమే. రిసీవర్ మీటర్ మీద ఒక్కో ఎస్-యూనిట్ 6 డెసిబెల్స్ అనుకుంటే, అవతలి వాళ్లకు మీరు రెండు గీతలు తక్కువగా వినిపిస్తారు. ఎస్9గా వినపడాల్సిన వాళ్లు ఎస్7గా వినపడతారు. హాయిగా మాట్లాడుకోవచ్చు.

అసలు సమస్య ఆ తర్వాత మొదలవుతుంది. ఆ 5 వాట్లను తీసుకెళ్లి, పది శాతం మాత్రమే గాల్లోకి పంపే యాంటెన్నాకి ఇస్తే బయటికి వెళ్లేది అర వాటు. ఇంకో 10 డెసిబెల్స్ గోవిందా. 100 వాట్ల వాడికి ఈ నష్టాన్ని భరించే స్థోమత ఉంటుంది, మనకి ఉండదు. అందుకే పవర్ తగ్గేకొద్దీ యాంటెన్నా పెద్దదవ్వాలి. మార్కెట్‌లో మాత్రం చిన్న రేడియోకి చిన్న యాంటెన్నాని జోడీ కట్టి అమ్ముతున్నారు.

బుల్లి యాంటెన్నా ఎందుకు ఓడిపోతుంది?

7 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 42 మీటర్లు. అందులో సగం పొడవున్న తీగ, అంటే దాదాపు 20 మీటర్లు, సహజంగానే ఆ ఫ్రీక్వెన్సీకి స్పందిస్తుంది. దాని బదులు రెండున్నర మీటర్ల విప్ పెట్టి, కింద కాయిల్ తగిలించి ట్యూన్ చేశామనుకోండి. దాని రేడియేషన్ రెసిస్టెన్స్ ఒకటిన్నర ఓమ్ దాటదు. కాయిల్ నిరోధం మూడు నాలుగు ఓమ్‌లు, నేల వల్ల పోయేది ఇంకో పదో పదిహేనో ఓమ్‌లు. ఇవన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి మీ పవర్‌ని ఆ నిష్పత్తిలోనే పంచుకుంటాయి. ఎక్కువ భాగం కాయిల్‌నీ మట్టినీ వేడి చేయడానికే పోతుంది.

మీటరు వ్యాసం ఉన్న మాగ్నెటిక్ లూప్‌ది ఇంకో రకం కథ. 7 మెగాహెర్ట్జ్‌లో దాని రేడియేషన్ రెసిస్టెన్స్ ఓమ్‌లో వెయ్యో వంతుల్లో ఉంటుంది. మందపాటి రాగి గొట్టం, మంచి కెపాసిటర్ పెట్టినా పది శాతం సామర్థ్యం దాటడం కష్టం. అదే లూప్ 14 మెగాహెర్ట్జ్‌కి వచ్చేసరికి చాలా మెరుగవుతుంది. అంటే లూప్ చెడ్డదని కాదు, ఏ బ్యాండ్‌కి వాడుతున్నామన్నది ముఖ్యం. ప్రోడక్ట్ పేజీలో మాత్రం "40 నుంచి 10 మీటర్ల దాకా అన్ని బ్యాండ్లూ" అని ఒకే లైన్‌లో రాసేస్తారు.

ఎస్‌డబ్ల్యూఆర్ బెంచ్‌మార్క్ స్కోర్ కాదు

గ్యాడ్జెట్ ప్రియులకి నంబర్లంటే ఇష్టం. అందుకే నానోవీఎన్ఏ చేతికి రాగానే ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 చూసి సంబరపడిపోతారు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: అన్నిటికంటే అందమైన ఎస్‌డబ్ల్యూఆర్ ఇచ్చేది డమ్మీ లోడ్. ఏ బ్యాండ్‌లో చూసినా 1:1. కానీ అది గాల్లోకి ఏమీ పంపదు, వేడెక్కుతుందంతే. ఎస్‌డబ్ల్యూఆర్ చెప్పేది రేడియోకీ లైనుకీ మధ్య పొత్తు కుదిరిందా లేదా అన్నదే. పవర్ ఎటు పోయిందో అది చెప్పదు.

ఇంకో మాట. నష్టాలు ఎక్కువున్న విప్ యాంటెన్నాల్లో మ్యాచ్ తొందరగా కుదురుతుంది, బ్యాండ్ అంతా చదునుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని క్వాలిటీ అనుకుంటారు. ట్యూనర్ విషయంలోనూ ఇంతే. అది రేడియోని సంతృప్తి పరుస్తుంది తప్ప యాంటెన్నాని పొడుగు చేయదు.

2017లో ఎఫ్‌టీ8 వచ్చాక ఈ భ్రమ ఇంకా పెరిగింది. నాయిస్‌లో కూరుకుపోయి చెవికి వినపడని సిగ్నల్‌ని కూడా ఆ సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. కాబట్టి బాల్కనీలో ఎంత నాసిరకం యాంటెన్నా పెట్టినా స్క్రీన్ మీద నాలుగు దేశాలు కనిపిస్తాయి. అదే యాంటెన్నాతో మైక్ పట్టుకుని సీక్యూ పిలిస్తే గంటసేపు నిశ్శబ్దం. చాలామంది ఇక్కడే "క్యూఆర్‌పీ వేస్ట్" అని తేల్చేసి, రేడియోని సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేస్తారు. తప్పు పవర్‌ది కాదు. లైసెన్స్ కోసం చదివి, పరీక్ష రాసి, నెలల తరబడి ఎదురుచూసిన మనిషి ఇలా వెళ్లిపోవడమే నాకు బాధ కలిగించే విషయం.

మరి ఏం కట్టాలి?

ముందు ఎవరితో మాట్లాడాలో తేల్చుకోండి. యాంటెన్నా దాన్నిబట్టి ఉంటుంది.

పగటిపూట హైదరాబాద్ నుంచి విజయవాడ, కర్నూలు, వరంగల్ లాంటి దగ్గరి ఊళ్లతో మాట్లాడాలంటే 40 మీటర్ల బ్యాండ్, అడ్డంగా కట్టిన తీగ. ఐదారు మీటర్ల ఎత్తు చాలు. తక్కువ ఎత్తులో ఉంటే సిగ్నల్ నిటారుగా పైకెళ్లి, అయనావరణం తగిలి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర గొడుగులా కిందికి దిగుతుంది. తుపాను వచ్చి మొబైల్ టవర్లు పడిపోయినప్పుడు పనికొచ్చేది కూడా ఇదే పద్ధతి. ఆ రోజున పక్క జిల్లాతో మాట్లాడగలగాలి, బ్రెజిల్‌తో కాదు.

దూరదేశాలు కావాలంటే 20 మీటర్ల బ్యాండ్, అంతకు పైవి. సముద్రం ఒడ్డున ఉంటే నిలువు యాంటెన్నాకి మించింది లేదు. రుషికొండలోనో సూర్యలంకలోనో అలలకు దగ్గర్లో ఆరేడు మీటర్ల ఫైబర్ గాలపు కర్ర నిలబెట్టి, దానికి 5 మీటర్ల తీగ చుట్టి, కింద 5 మీటర్లవే నాలుగు తీగలు నేల మీద పరవండి. ఉప్పునీరు మిగతా పని చేస్తుంది. అయితే ఇదే నిలువు యాంటెన్నాతో పక్క జిల్లాని పిలిస్తే జవాబు రాకపోవచ్చు. దాని సిగ్నల్ నేలబారుగా పోతుంది.

రెండిటికీ పనికొచ్చే ఒకే యాంటెన్నా చెప్పమంటే, ఎండ్-ఫెడ్ హాఫ్ వేవ్. ఒక కొస నుంచే ఫీడ్ చేస్తాం కాబట్టి ఒక్క చెట్టు చాలు. సుమారు 20 మీటర్ల తీగ 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లు నాలుగింటిలోనూ పలుకుతుంది. కొస దగ్గర ఇంపెడెన్స్ రెండు వేల ఓమ్‌ల పైన ఉంటుంది. దాన్ని 50కి దించడానికి 49:1 ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఎఫ్‌టీ140-43 ఫెర్రైట్ రింగు మీద ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14 చుట్లు, ప్రైమరీకి అడ్డంగా 100 పీఎఫ్ కెపాసిటర్. ఒక సాయంత్రం పని.

తీగకి ఇళ్లలో వాడే ఒక చదరపు మిల్లీమీటర్ వైరు సరిపోతుంది. 90 మీటర్ల చుట్ట తెస్తే నాలుగు యాంటెన్నాలు వస్తాయి, ఫ్రెండ్స్‌తో పంచుకోండి.

కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి

మొదట పైకి చూడండి. కరెంటు తీగలు ఉన్నచోట యాంటెన్నా ఎగరేయొద్దు, వాటి దరిదాపుల్లో కూడా వద్దు. పొలాల్లో పోయే 11 కేవీ లైన్లు చెట్ల మాటున కనపడవు. దూరంగా ఉరుము వినపడినా సరే, కేబుల్ పీకేసి సర్దేయండి. ఈ రెండింట్లో బేరం లేదు.

నైలాన్ తాడుకి సగం నీళ్లున్న చిన్న బాటిల్ కట్టి వేప కొమ్మ మీదుగా విసరండి, దాంతో తీగ మధ్య భాగాన్ని పైకి లాగండి. రెండు కొసలూ కిందికి వాలి ఉంటే చాలు. కొసలకి పీవీసీ పైపు ముక్కలు ఇన్సులేటర్లుగా పనికొస్తాయి. కొసలు మాత్రం మనిషి చేతికి అందనంత ఎత్తులో ఉంచండి. 5 వాట్లే కదా అనుకోవద్దు, ఎండ్-ఫెడ్ కొస దగ్గర ఆ 5 వాట్లకే వంద వోల్టుల పైన ఉంటుంది.

తీగని మొదట అర మీటరు పొడుగ్గా ఉంచి నానోవీఎన్ఏతో చూడండి. 20.7 మీటర్ల తీగ 6.9 మెగాహెర్ట్జ్ దగ్గర పలికిందనుకోండి. మనకి 7.1 కావాలి. 20.7ని 6.9తో గుణించి 7.1తో భాగిస్తే 20.1 మీటర్లు. ఎక్కువైన 60 సెంటీమీటర్లు కత్తిరించకండి, వెనక్కి మడిచి చుట్టేయండి. రేపు వేరే చోట, వేరే ఎత్తులో అదే ముక్క అవసరం పడొచ్చు.

కోయాక్స్ విషయంలో తేలికదనానికి మోసపోవద్దు. సన్నని ఆర్‌జీ-174 పది మీటర్లు వాడితే 14 మెగాహెర్ట్జ్‌లో పవర్‌లో సుమారు పావు వంతు కేబుల్‌లోనే పోతుంది. ఆర్‌జీ-58 అయితే అందులో సగమే. లేదంటే సన్నదే వాడండి కానీ ఐదు మీటర్లకు కుదించండి. రేడియో దగ్గర ఫెర్రైట్ రింగులో కేబుల్‌ని కొన్ని చుట్లు తిప్పితే మైక్ పట్టుకున్నప్పుడు చేతికి చురుక్కుమనదు, నాయిస్ కూడా తగ్గుతుంది.

బుల్లి యాంటెన్నాలకి చోటే లేదా?

ఉంది. ఆరో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటూ, టెర్రస్ మీదకి అసోసియేషన్ వాళ్లు పోనివ్వకపోతే బాల్కనీలో లూప్ తప్ప దారి లేదు. 14 మెగాహెర్ట్జ్, అంతకు పైన వాడుకోండి, తృప్తిగా ఉంటుంది. చెట్టు లేని కొండ శిఖరం మీద పది నిమిషాల్లో స్టేషన్ తెరిచి దిగిపోవాలంటే విప్‌కి సాటి లేదు, కొండ ఎత్తు కొంత లోటు భర్తీ చేస్తుంది. నేను వద్దంటున్నది మొదటి యాంటెన్నాగా. తీగతో ఆరు నెలలు మాట్లాడినవాళ్లకి విప్‌లో ఎంత పోగొట్టుకుంటున్నారో తెలుస్తుంది. తెలిసి పోగొట్టుకోవడం వేరు.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే టెస్ట్ చేయండి. మోర్స్‌లో అయితే రివర్స్ బీకన్ నెట్‌వర్క్, లేదంటే డబ్ల్యూఎస్‌పీఆర్. మిమ్మల్ని విన్న స్టేషన్లు ఎన్ని డెసిబెల్స్‌తో విన్నాయో అవే రిపోర్ట్ చేస్తాయి. రెండు యాంటెన్నాలూ ఒకేచోట కట్టి, అదే పవర్‌తో మార్చి మార్చి పంపండి. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి కాదు, అయనావరణం గంట గంటకీ మారుతుంది. మన గ్యాడ్జెట్ రివ్యూలు కూడా ఎస్‌డబ్ల్యూఆర్ గ్రాఫ్ దగ్గర ఆగిపోకుండా ఈ టెస్ట్ చేయాలన్నది నా కోరిక. కెమెరాని శాంపిల్ ఫొటోలు లేకుండా రివ్యూ చేస్తే మనం ఒప్పుకుంటామా?

ఇదంతా లైసెన్స్ వచ్చాకే. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ పెట్టే పరీక్ష పాసై, వీయూ2 గానీ వీయూ3 గానీ కాల్‌సైన్ రాకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. పన్నెండేళ్లు నిండితే ఎవరైనా రాయొచ్చు. ఎదురుచూసే నెలల్లో ఖరీదైన యాంటెన్నా కార్ట్‌లో పెట్టుకుని కూర్చోవద్దు. ఒక చుట్ట వైరు, ఒక ఫెర్రైట్ రింగు తెచ్చుకుని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం నేర్చుకోండి. కాల్‌సైన్ వచ్చేసరికి యాంటెన్నా సిద్ధంగా ఉంటుంది.