చెట్టెక్కే మోటారు ఎవరి మేలుకు?



కొబ్బరి దింపుకు మనుషులు దొరకడం లేదన్న మాట ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా వినపడుతోంది. మాట నిజమే. దాని వెనకే ఇంకో మాట వస్తోంది: "మోటారుతో చెట్టెక్కే మిషన్లు వచ్చాయట, సబ్సిడీ కోసం సంఘం అడగాలి" అని. నా పేచీ ఈ రెండో మాటతోనే.

ఈ మిషన్లు రెండు రకాలు. మొదటిది తాడు మీద పాకేది. పై కొమ్మ మీదుగా తాడు వేసి, నడుముకు బెల్టు కట్టుకుని మీట నొక్కితే, బ్యాటరీ మోటారు తాడును పట్టి మనిషిని పైకి లాగుతుంది. విదేశాల్లో పెద్ద చెట్ల కొమ్మలు కొట్టే పనివాళ్లు వాడతారు. ధర లక్షల్లో ఉంటుంది. రెండోది మానును పట్టుకుని ఎక్కే పెట్రోలు బండి. 2019లో మంగళూరు వైపు ఒక వక్క రైతు చేసిన బండిని దేశమంతా చూసింది. బరువు దాదాపు 28 కిలోలు, 80 కిలోల మనిషిని మోస్తుందని చెప్పారు. ఆయన తెలివిని నేను తప్పుపట్టను. తన తోటకు తగింది చేసుకున్నాడు. మన తోటకు తగుతుందా అన్నదే ప్రశ్న.

కొబ్బరికి కొమ్మ లేదు. ఉన్నది మట్ట. ఇవాళ గట్టిగా ఉన్న మట్ట రేపు ఊడి పడుతుంది. దాని మీద తాడు వేసి మనిషి ప్రాణం వేలాడదీస్తామా? నమ్మకమైన చోట తాడు కట్టాలంటే ముందు ఒక మనిషి పైకి ఎక్కాలి. ఎక్కినవాడికి ఇక మోటారెందుకు? పోనీ ఎలాగో కట్టామనుకుందాం. తాడు వేసి విప్పడానికి చెట్టుకు 10 నిమిషాలు పట్టినా 40 చెట్లకు 400 నిమిషాలు, అంటే ఆరున్నర గంటలు దాటిపోయినట్టే. అక్కడివాళ్లు ఒకే మహావృక్షం మీద పూటంతా పని చేస్తారు. మన దింపు కార్మికుడు కాసేపట్లో గెలలు కోసి పక్క చెట్టుకు పోతాడు.

పెట్రోలు బండి సంగతీ అంతే. వక్క మాను సన్నగా, నిటారుగా ఉంటుంది. మన కొబ్బరి మొదలు బొద్దు, పైన సన్నం. కొల్లేరు వైపు చేపల చెరువుల గట్ల మీద చెట్లు నీళ్ల మీదికి వాలి ఉంటాయి. బురద గట్టు మీద 28 కిలోల ఇనుము చెట్టు చెట్టుకూ మోసేదెవరు? ఇక తాటిచెట్టుకు రోజుకు రెండు మూడు సార్లు ఎక్కే గీత కార్మికుడికి ఈ బండి ఇంకా దూరం.

కష్టం లేదని నేననడం లేదు. 50 అడుగుల చెట్లు 40 ఎక్కితే 2,000 అడుగులు ఎక్కి 2,000 అడుగులు దిగినట్టు. మోకాళ్లు అరుగుతాయి. అయినా కుర్రాళ్లు ఈ పనికి రాకపోవడానికి కారణం కష్టం ఒక్కటే కాదు. పడితే నడుం విరుగుతుంది, విరిగితే ఇల్లు కూలుతుంది, ఆ రోజు పలకరించే నాథుడుండడు. మనం కూడా కొంచెం అద్దంలో చూసుకోవాలి. కాయ ధర పడిపోతే మనం మొదట బేరమాడేది దింపు కూలి దగ్గరే కదా! మోటారు కోసం లక్షలు అడిగే నోటితో చెట్టుకు పది రూపాయలు ఎక్కువిస్తామని ఎందుకనం?

పొరుగువాళ్లు ఏం చేశారో చూడండి. కేరళలో కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో చెట్టెక్కే యువతకు శిక్షణ మొదలుపెట్టింది. ఆడవాళ్లూ నేర్చుకున్నారు. వాళ్లకిచ్చింది మోటారు కాదు, కాళ్లతో తొక్కుతూ ఎక్కే ఇనుప మిషను. చేయి తిరిగిన పాతకాపుకు అది నిదానమే, కొత్తవాడికి మాత్రం ధైర్యం. దింపు కార్మికులకు ప్రమాద బీమా కూడా ఉంది, ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే భరిస్తుంది. తెలంగాణలో 2024 జూలైలో గీత కార్మికుల కోసం కాటమయ్య రక్షణ కవచం మొదలైంది. అందులోనూ మోటారు లేదు. తాళ్లు, బెల్టు, కొక్కేలు. కాలు జారినా మనిషి కింద పడకూడదన్నదే దాని లెక్క.

మోటారంటే నాకు పగ లేదు. పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో గెడకు బిగించిన మోటారు కత్తితో గెల కోస్తే మనిషి నేల మీదే ఉంటాడు. అలాంటి మోటారు రావాలి. మనిషిని గాల్లో వేలాడదీసే మోటారుకు మాత్రం ముందు పరీక్ష కావాలి.

కాబట్టి సంఘం అడగాల్సినవి ఇవి:

1. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం మన చెట్ల మీద, మన గట్ల మీద పరీక్షించి చెప్పేదాకా మోటారు మిషన్లకు సబ్సిడీ వద్దు.
2. ఆ డబ్బుతో ప్రతి దింపు, గీత కార్మికుడికీ బెల్టు, రెండో తాడు ఉచితంగా ఇవ్వాలి.
3. వేగివాడలో బోర్డు క్షేత్రం మన పక్కనే ఉంది. అక్కడి నుంచి ఊరూరా శిక్షణ, బీమా నమోదు జరగాలి.
4. కార్మికుడి వంతు ప్రీమియం తోట రైతులమే కట్టాలి. చెట్టు రేటు ఏటా కూర్చుని మాట్లాడుకోవాలి.

నాలుగోది ప్రభుత్వం చేతిలో లేదు, మన చేతిలోనే ఉంది. ముందు అది చేసి చూపిద్దాం. మిగతా మూడూ గట్టిగా అడిగే నోరు అప్పుడొస్తుంది.