ఎవరును చెప్పకయే నేర్చిన విద్య

ఉద్యోగార్థులైన మన యువతీయువకులను నేడు సంస్థలవారు ప్రశ్నించు తీరు మారినది. మార్కుల పట్టిక చూచి, పాఠ్యవిషయములు రెండడిగి పంపివేయుటతో తృప్తి చెందక, “మీయంతట మీరు ఇటీవల నేర్చుకొన్నదేమి? ఎట్లు నేర్చితిరి?” అని అడుగుచున్నారు. నిన్నటి నడతయే రేపటి నడతకు ఆనవాలన్న తలంపు ఈ పద్ధతికి మూలము.

“నాకు జిజ్ఞాస మెండు” అన్న మాట ఇచట చెల్లదు. సర్టిఫికెట్టు చూపుటయు చాలదు. ఐ.ఐ.టి.లు, బెంగుళూరి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలసి 2003లో ప్రారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములను ఎవరైనను ఉచితముగ వినవచ్చును, రుసుము పరీక్షకే. వినిన పిదప ఏమి చేసితిరన్నదే ప్రశ్న. ఏ చిక్కు వలన ఆ విద్య కావలసివచ్చినది, ఎచట తడబడితిరి, ఎవరినడిగితిరి, తుదకు దానితో ఏ పని నెరవేరినది అన్నవి ఒక నిజమైన ఉదంతముగ రెండు నిమిషములలో చెప్పగలుగవలెను.

ఇచట మన పిల్లలకొక సొత్తు కలదు. వారే దానిని లెక్కింపరు. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలు ఏటేట ఒక్కొక్క తరగతికి తప్పనిసరి చేసినది. ఆ పిదప బడిలో గాక ఇంట అవ్వ యొద్దనో, గోడ క్యాలెండరు చూచియో, తిరుపతి బస్సు బోర్డు కూడబలుకుకొనియో తెలుగు అక్షరములు పట్టుకొన్నవారు కలరు. తమిళమున ఒక్క కకారముతో సరిపెట్టు చోట తెలుగున నాలుగక్షరములేలయని తనంత తాను ఆరాతీసిన బాలిక జిజ్ఞాసకు వేరు సాక్ష్యమేల? కాని ఇంటర్వ్యూలో ఆమె “మాతృభాష తెలుగు” అని ఊరకుండును.

అయితే ఇది భాషాభిమాన ప్రసంగమునకు తావు కాదు. లెక్కల కొలువునకు పోవునప్పుడు లెక్కల ఉదంతమే ముందు రావలెను. అక్షరముల కథ రెండవది.

పెద్దలు జవాబులు వ్రాసియిచ్చి వల్లె వేయించుట మానవలెను. రెండవ ప్రశ్నకే గుట్టు బయటపడును. దానికి బదులు, ఉద్యోగములలోనున్న మనవారు ఆదివారము ఒక గంట మన విద్యార్థులతో కూర్చుండి ఈ ప్రశ్నలే అడుగుట మేలు. మొదటి జవాబుతో విడువక “ఆ తరువాత?” అని అడుగవలెను. ఆడపిల్లలను ముందుగ అడుగవలెను. వారు స్వయముగ నేర్చినదానిని ఇంటిపనిక్రింద కొట్టివేయుట మన యిండ్లలో పాత అలవాటు.