మిల్లు గోడల మధ్య కాఫీ

ముంబయి లోయర్ పరేల్‌లో మూతబడిన బట్టల మిల్లు ఆవరణలో వెలసిన ఒక చిన్న కాఫీ దుకాణాన్ని ఇటీవల దర్శించాము. చిక్కమగళూరు గింజలను అక్కడే వేయించి, మరపట్టి కాచి ఇస్తారు. రుచి శ్లాఘనీయమే, ఒక కప్పు వెలతో మా వసతిగృహంలో రెండు పూటలు గడుస్తాయన్నది వేరుమాట. పాడుపడిన చోట దీపం వెలగడాన్ని మేము ఆక్షేపించము. కాని ఇటుక గోడను, ఇనుప దూలాన్ని అలంకారంగా నిలుపుకొన్నవారు సాంచాలు నడిపిన మనుషులను మరచినారు. 1982 జనవరి 18న ముంబయి మిల్లులలో సమ్మెకు దిగిన సుమారు 2,50,000 మంది కార్మికులలో తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలీలూ, ఉత్తరాది మోమిన్ నేతగాండ్రూ ఉన్నారు. ఆ గోడపై ధరల పట్టికయే గాని వారి ఊసు లేదు. మన కళాశాల సంఘంవారు విహారయాత్రల సొమ్ములో కొంత వెచ్చించి, ఆ వృద్ధుల మాటలను తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించి భద్రపరచాలని మా అభిప్రాయం. సమ్మెనాటికి ఇరువది ఐదేండ్లున్నవారు నేడు డెబ్బదికి చేరువలో ఉన్నారు.