కుర్చీ ఇచ్చాం కదా అనే పెద్దలకు

"ఉచితంగా ఇస్తే విలువ తెలియదు. రెండేళ్ళకే పాడుచేసి మూలన పడేస్తారు." బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా వల్లూరులో చదువుకున్నవారి నోట కూడా వినిపించే మాట ఇది. ఈ మాట అబద్ధమనీ, అంతకు మించి అన్యాయమనీ నా అభిప్రాయం.

కుర్చీ మూలన ఎందుకు పడుతుందో ముందు చూద్దాం. ఈ కుర్చీల్లో సాధారణంగా 12 వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీలు రెండు కలిపి ఉంటాయి. ఛార్జింగు దిగిపోయాక రోజుల తరబడి అలాగే వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తరువాత ఎంత ఛార్జింగు పెట్టినా పూర్వపు శక్తి రాదు. వేడి మరొక శత్రువు. 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టిన బ్యాటరీ ఆయువు, ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ సుమారు సగానికి పడిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో, రేకుల పంచలో నిలిపిన కుర్చీ గతి వేరే చెప్పాలా? ఇది రసాయన శాస్త్రం. దాన్ని ముందుగా చెప్పకపోవడమే అసలైన నిర్లక్ష్యం.

చెప్పవలసింది కొండంత కాదు. వాడిన ప్రతి రాత్రీ పూర్తిగా ఛార్జింగు పెట్టాలి. వాడకపోయినా నెలకొకసారి పెట్టాలి. కుర్చీతో వచ్చిన ఛార్జరే వాడాలి. ఛార్జింగులో హైడ్రోజన్ వాయువు వెలువడవచ్చు కనుక పొయ్యి పక్కన, గాలాడని గదిలో పెట్టరాదు. నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్ళు కాదు. సీలు వేసిన రకాన్ని తెరవనే కూడదు. మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చాలి. పాతదాని జతలో కొత్తదీ త్వరగా చెడుతుంది.

ఇక మీట సంగతి. జాయ్‌స్టిక్ వదిలితే కుర్చీ ఆగి, బ్రేకు తనంతట తానే పడుతుంది. కానీ తోసుకుపోవడానికని మోటారు దగ్గరి విడుదల మీట తిప్పితే ఆ బ్రేకు ఉండదు. వాలు మీద అలా చేస్తే కుర్చీ మనిషితో సహా జారిపోతుంది. ఎక్కేముందూ దిగేముందూ స్విచ్చి ఆపకపోతే, చీర కొంగు తగిలినా చాలు, కుర్చీ కదులుతుంది. సాయమనుకొని, అడగకుండా ఆ జాయ్‌స్టిక్ మీద చెయ్యి వేసే పెద్దలకు ఒక మనవి: అది కూర్చున్న మనిషి కాలు. ఎవరి కాలైనా మీరు అలా పట్టుకొని లాగుతారా?

కాన్పూరులో అలిమ్‌కో సంస్థ 1972లో ఏర్పడింది. ఉపకరణాలు పంచే అడిప్ పథకం 1981లో మొదలైంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షను ఉపకరణాల గురించి ప్రత్యేకంగా చెప్పింది. ఇన్నేళ్ళ తరువాత కూడా మనం గొప్పగా చెప్పుకునేది ఎన్ని పంచామన్న లెక్కే. ఎన్ని నడుస్తున్నాయన్న లెక్క ఎవరడుగుతున్నారు?

పన్నుల తీరు చూడండి. కుర్చీ మీద జీఎస్టీ 5 శాతం. అదే కుర్చీకి విడిగా కొనే లెడ్ ఆసిడ్ బ్యాటరీ మీద 2025 సెప్టెంబరు 22 దాకా 28 శాతం, ఆనాటి నుంచి 18 శాతం. అంటే కుర్చీ అవసరమట, దాన్ని నడిపించేది మాత్రం మామూలు సరుకట!

"బ్యాటరీలు కూడా ప్రభుత్వమే కొనివ్వాలా?" అని అడిగేవారున్నారు. కొనివ్వాలి. బోరు వేసి మోటారు బిగించకుండా పొలానికి నీరిచ్చామని ఏ రైతు ముందైనా చెప్పగలరా? రాయలసీమలో ఆ మాటంటే నవ్విపోతారు. కుర్చీ విషయంలో మాత్రం చప్పట్లు కొడుతున్నాం.

నేను కోరేది పెద్దదేమీ కాదు. కుర్చీ అప్పగించే రోజున, దండలూ ఫోటోలూ అయ్యాక, ఒక అరగంట వాలు మీద నడిపించి నేర్పండి. తెలుగులో ఒక కాగితం ఇవ్వండి. రెండో జత బ్యాటరీల ఖర్చును మొదటే కేటాయింపులో చేర్చండి. మండలానికి ఒక ఆటో ఎలక్ట్రీషియనుకైనా ఈ మరమ్మతు నేర్పించండి. నడవలేని మనిషిని, నడవని కుర్చీతో కడపకు రమ్మనడం కన్నా క్రూరమైన హాస్యం మరొకటి లేదు.

ఇవి చేశాక కూడా కుర్చీ మూలన పడితే, అప్పుడు విలువ తెలియనివారెవరో మాట్లాడుకుందాం.