పొరుగింటి తలుపు ఎవరి కథ?

పిల్లల కథల్లో సాయం చేసిన చేయి స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని అందుకున్న మనిషి ముఖం అంత స్పష్టంగా కనిపించదు. లోయిస్ లౌరీ 1989లో వెలువరించిన ‘నంబర్ ది స్టార్స్’ మళ్లీ చదివినప్పుడు నన్ను కలవరపెట్టింది ఇదే.

కథాస్థలం 1943 నాటి కోపెన్‌హాగన్. పదేళ్ల ఆన్‌మరీ, యూదు బాలిక ఎలెన్ ఒకే భవనంలో పెరిగిన స్నేహితులు. తెల్లవారకముందే జర్మన్ సైనికులు తలుపు బాదితే, ఆన్‌మరీ తల్లిదండ్రులు ఎలెన్‌ను తమ పెద్దకూతురని చెబుతారు. ఆ కూతురు అప్పటికే మరణించింది. సైనికులు గదిలోకి వచ్చేలోపే ఎలెన్ మెడలోని నక్షత్రపు గొలుసును ఆన్‌మరీ తెంపి గుప్పిట్లో దాస్తుంది. ఆ గుప్పిటను ఏ బాలపాఠకుడూ మరచిపోలేడు.

కథ కల్పితమే గానీ పునాది చరిత్ర. నాజీల పన్నాగాన్ని డక్విట్జ్ అనే జర్మన్ అధికారి ముందే బయటపెట్టాడు. కొద్ది వారాల్లో సుమారు 7,200 మంది యూదులు పడవల్లో స్వీడన్ చేరారు. దాదాపు 470 మంది పట్టుబడి థెరీసియన్‌స్టాట్ శిబిరం పాలయ్యారు. పడవవాళ్లలో చాలామంది సొమ్ము పుచ్చుకున్నారు. దానివల్ల ఆ తెగువ విలువ తగ్గదు. వారు దేవతలు కారు, మనుషులేనని మాత్రం తెలుస్తుంది.

డెన్మార్క్‌లో ఇది ఎలా సాధ్యమైంది? అవతలి ఒడ్డున తటస్థ స్వీడన్ ఉండటం ఒక కారణం. యూదులు తోటి పౌరులుగా అందరి మధ్యా నివసించడం మరో కారణం. అక్కడ పసుపు నక్షత్రం ధరించాలన్న శాసనమే అమలు కాలేదు. వార్సాలో 1940లోనే గోడ లేచింది. ఆక్రమిత పోలండ్‌లో యూదులకు ఆశ్రయమిస్తే మరణశిక్ష. గోడ ముందు లేస్తుంది, చావు తరువాత వస్తుంది. ఊరికీ వాడకూ మధ్య ఎడం తెలిసిన మనకు ఈ వరుసను విడమరచి చెప్పనక్కర్లేదు.

నా అభ్యంతరం ఒకటుంది. లౌరీ నవల ఆద్యంతం ఆన్‌మరీ కళ్లతోనే సాగుతుంది. ఎలెన్ భయం మనకు ఆమె స్నేహితురాలి ద్వారానే అందుతుంది. సానుభూతికీ స్వానుభవానికీ మధ్య గీత గీసిన తెలుగు దళిత సాహిత్యాన్ని చదివినవారికి ఈ లోటు వెంటనే తెలుస్తుంది. 1933లో బాలికగా బెర్లిన్ విడిచిన జుడిత్ కెర్ తన కథను తానే ‘వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్’గా 1971లో చెప్పుకుంది. అందులోని ఆనా ఎవరో రక్షించిన అమ్మాయి కాదు. అలుగుతుంది, పరాయి భాష నేర్చుకుంటుంది, కవితలు రాస్తుంది.

ఈ రెండు పుస్తకాలూ మన పిల్లల చేతికి కలిపే అందాలి. మొదటిది ‘నువ్వైతే తలుపు తీసేవాడివా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న మంచిదే. కానీ తలుపు తట్టే వ్యక్తి కథను ఆమె నోటనే విననంతకాలం, తలుపు తీసినవాడు తనను తానే మెచ్చుకుంటూ ఉండిపోతాడు.